నా బరువుకు సరిపడ్డ బండి

ముందు బల్ల సంగతి చెప్పాలి. చోడవరం బస్టాండు ఎదురుగా మంగాయమ్మ కాఫీ హోటల్లో గోడవారగా ఒక పొడుగాటి బల్ల ఉండేది. దాని కాళ్ళు చివర్లలో కాకుండా బాగా లోపలికి ఉండేవి. ఎవడు చేశాడో గానీ, నాలాంటి మనిషిని వాడు జన్మలో చూసి ఉండడు. తొంభై నాలుగులో, దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక ఉదయం పాల కేన్లు దించి కాస్త ఊపిరి తీసుకుందామని ఆ బల్లకి ఈ చివర కూర్చున్నాను. ఆ చివర పెదబాబు కాఫీ తాగుతున్నాడు. నేను కూర్చోవడం, ఆయన గాల్లోకి లేవడం, కాఫీ ఆయన తెల్లపంచె మీద పడడం ఒక్కసారే జరిగిపోయాయి.

హోటలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పెదబాబు పాల వ్యాపారి. ఆయనకి వేను ఉంది. వడ్డాది దారిలో ఏటి పక్కనున్న మా ఊరి పాలన్నీ ఏళ్ళ తరబడి ఆ వేనులోనే వెళ్ళేవి. ఆయన కొలత చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నురగంతా చచ్చేదాకా ఆగి, మళ్ళీ పోయించి, పొంగి కారినది కూడా తన కేనులోకే పట్టుకుంటాడు. నోరు తెరిచి అడిగితే రేపటినుంచి మీ పాలు వద్దంటాడు. అందుకని మా వీధి ఆడవాళ్ళ పాలు నేనే పోగుచేసి, సరిగ్గా కొలిచి, మంగాయమ్మ హోటలుకి తేవడం మొదలుపెట్టాను. పక్కింటి అచ్చియ్యమ్మత్తకి ఒకే ఒక్క గేదె. ఆ గేదె పాల మీదే ఆవిడ బతుకు.

మంగాయమ్మ పిన్ని మాత్రం నవ్వలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"నవ్వులకేటిగానీ రత్నం, ఇటు సూడు. ఇశాపట్నం మొదటి బస్సు ఎల్లిపోయింది. ఇప్పుడు పాలు తెస్తే నేనెవరికి కాఫీ పొయ్యాలి?"

"ఆటో ఎక్కించుకోలేదు పిన్నీ."

"నాకు తెలుసమ్మా. పంచదార ఫేక్టరీలో గానుగ మొదలెట్టేస్తే రోడ్డు నిండా సెరుకు బళ్ళే. ఆ రోజు నుంచి నీ పాలు మొదటి బస్సు కంటే ముందొస్తే నీయే తీసుకుంటాను. రాకపోతే పెదబాబు గారియి. నీ మీద కోపం కాదు, నా పొయ్యి మీద పాలుండాల."

పంచె తుడుచుకుంటున్న పెదబాబు ఆ మాటకి చల్లబడ్డాడు.

ఆటోవాళ్ళ సంగతి ఏమని చెప్పను. నన్ను చూడగానే, "రత్నమప్పా, నువ్వెక్కితే ఇద్దరు దిగాల" అనేవారు. జనం లేని ఆటో వచ్చేదాకా నేను రోడ్డు మీద కేన్లతో కాపలా. నేను లావే, పొడుగే. మా అమ్మ వైపు అందరం అంతే. మా నాన్న సన్నాసి చెరుకు బండి తోలేవాడు. పెళ్ళికి ముందు ఆ బండికి మోపులెత్తింది నేనే. ఇద్దరు మగాళ్ళు పట్టే మోపు ఒక్కదాన్నే ఎత్తేదాన్ని, అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒళ్ళు పనికొచ్చినప్పుడు బలం అంటారు, సీటు పట్టనప్పుడు లావు అంటారు.

ఆ మధ్యాహ్నం మా ఆయన తాతబ్బాయి అన్నం తింటుంటే చెప్పాను.

"మావా, నేను బండి కొంతాను."

"కొను. ఎవరు తోల్తారు?" అన్నాడు. ఆ అడగడంలో తప్పులేదు. సీజన్ మొదలైతే ఆయనకి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, నేను పాలు తెచ్చే వేళకి ఆయనింకా మిల్లులోనే ఉంటాడు.

"నేనే."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "సీర కట్టుకునా?"

"గోసీ పెట్టుకుని. ఊడుపులకి పెట్టుకోటం లేదేటి?"

ఆయన సన్నగా చెరుకుగడలా ఉంటాడు గానీ మనసు మాత్రం విశాలం. "మరైతే మంచి బండి సూడాల. నీకు ఏదో ఒకటి సరిపోదు," అన్నాడు.

సరిపోదన్నది నిజమే. చోడవరంలో పాత బళ్ళు అమ్మే చోట్లన్నీ తిరిగాం. ముందు మోపెడ్ ఎక్కాను. నేను కూర్చోగానే వెనక టైరు నేలకి అతుక్కుపోయింది, మోకాళ్ళు హేండిలుకి తగిలి అది తిరగనంది. అమ్మేవాడు టైరు వైపు చూసి, నా వైపు చూడకుండా, "గాలి తక్కువుందమ్మా," అన్నాడు. పాపం, మర్యాదస్తుడు. తర్వాత స్కూటరు. దాని చిన్న చక్రాలు మా ఏటి గట్టు గోతిలో దిగితే మళ్ళీ పైకి రావు. కొత్తరకం మోటార్‌సైకిలు ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, నేను కూర్చున్నాక కేన్లకి చోటు మిగల్లేదు. బుల్లెట్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అది నాలాగే ఉంది, ఎవరికీ జడవనట్టు. ధర విన్నాక దాన్ని చేత్తో ఒకసారి నిమిరి వచ్చేశాను.

నాకు కావలసింది ఏమిటో తిరిగేకొద్దీ తెలిసింది. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, నేర్చుకునేటప్పుడు ధైర్యం కాళ్ళ దగ్గరే ఉంటుంది. మోకాళ్ళకి చోటుండాలి. చక్రాలు పెద్దవి కావాలి. చీర కుచ్చెళ్ళు చైనులో చిక్కకూడదు. ఇవన్నీ ఉన్న బండి చివరికి మెకానిక్ దాసు షెడ్డు వెనక, దుమ్ము కొట్టుకుని దొరికింది. పాత రాజ్‌దూత్. చైను మొత్తం రేకు డబ్బాలో ఉంది. సీటు వెడల్పు. ఎక్కి కూర్చుంటే పాదాలు నేల మీద పరుచుకున్నాయి. అంతకుముందు దాన్ని ఎవరో పాలవాడు తోలేవాడట, అమ్మేసి వైజాగ్ వెళ్ళిపోయాడట.

"ఇది పాల బండేనమ్మా," అన్నాడు దాసు సంతోషంగా. "ఎనక స్టాండేసి, స్ప్రింగులు గట్టి సేసి, కేన్లు తగిలించడానికి ఎలగుండాలో అలగే సేసిస్తాను. ఈ సుట్టుపక్కల పాలోళ్ళ బళ్ళన్నీ నా సేతివే."

ఎల్ లైసెన్సు తెచ్చుకున్నాను. మా ఆయన ఎర్రరంగుతో బండి ముందూ వెనకా ఎల్ అని రాశాడు. మా ఊరి కళ్ళంలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన పక్కన పరిగెడుతూ, "క్లచ్చి వదిలెయ్యకు, మెల్లిగా, మెల్లిగా" అని అరిచేవాడు. నేను ఒక్కసారే వదిలేసేదాన్ని, బండి ఎగిరి ఆగిపోయేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కళ్ళం చుట్టూ చేరి ముక్కున వేలేసుకునేవారు. వాళ్ళకి సినిమా ఖర్చు లేకుండా పోయింది. కానీ కిక్ మాత్రం నేను ఒక్కటే కొట్టేదాన్ని, రెండోది కొట్టాల్సిన అవసరం రాలేదు. బరువు ఉండడంలో అదొక సుఖం. కొన్నాళ్ళకి కళ్ళంలో బండితో ఎనిమిది అంకె వేశాను. జనం రావడం మానేశారు. అంటే నాకు వచ్చేసిందన్నమాట.

ఖాళీ బండి తోలడం వేరు, పాలతో తోలడం వేరు. మా ఊరి నుంచి రోడ్డెక్కాలంటే ఏటి గట్టు ఎక్కాలి. నిలువు ఎక్కుడు. ఫ్యాక్టరీ గానుగ సోమవారం మొదలు. దానికి ముందు శనివారం నాడు నిండు కేన్లు రెండూ వెనక స్టాండుకి తగిలించుకుని, మొదటి గేరులో గట్టు మొదలుపెట్టాను. సగం ఎక్కానో లేదో హేండిలు చేతుల్లో తేలికైపోయింది. ముందు చక్రం నేల వదిలేసింది. ఎదురుగా ఆకాశం కనబడింది. ఆ తర్వాత నేను గట్టు మీద వెల్లకిలా ఉన్నాను, బండి పక్కన పడుంది, పాలు మట్టిలో కాలవ కట్టి నా చీర కిందికి వస్తున్నాయి. అచ్చియ్యమ్మత్త పాలు, మా వీధి అందరి పాలు.

దెబ్బ పెద్దగా తగల్లేదు. గట్టు మీద ఆగి ఉన్న వేను చూశాక మాత్రం తగిలినట్టయింది. పెదబాబు దిగి, పైనుంచే చూశాడు.

"దెబ్బలు తగల్లేదు గదా? అదే పదివేలు. నీకూ బండికీ కుదరదు రత్నం. బండి ఒక మనిషి కోసం సేస్తారు. నువ్వు ఇద్దరివి. సోమారం నుంచి పాలు నా వేనులో పోయించెయ్యి, నీకూ సుఖం."

ఆ మాట ఆయన తిట్టినట్టు అనలేదు, జాలిపడ్డట్టు అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయన చూస్తాడని బండి లేపి నిలబెట్టాను. ఎవరి సాయమూ అడగలేదు. కింద వీధి చివర అచ్చియ్యమ్మత్త చేతిలో ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. అది చూసి ఇంకా బాధేసింది.

బండి తోసుకుంటూ దాసు షెడ్డుకి వెళ్ళాను. విషయం విని అతను బండి చుట్టూ తిరిగి, స్ప్రింగులు నొక్కి చూసి, "ఎనక ఇంకాస్త గట్టి సెయ్యాల. ఇంకో స్ప్రింగు ఏసేస్తాను," అన్నాడు. ఎవరొచ్చినా అతను చేసేది అదే, వెనక గట్టి చెయ్యడం.

నాకు మా నాన్న బండి గుర్తొచ్చింది. మోపులన్నీ ఎత్తాక ఎడ్లని కట్టే ముందు మా నాన్న కాడి పట్టుకుని ఒకసారి పైకెత్తి చూసేవాడు. కాడి చేతికి తేలిగ్గా లేచిందంటే బరువు వెనక పడిందన్నమాట. అలాంటి బండి గట్టెక్కితే కాడి ఎగిరి ఎడ్లకి ఉరి పడుతుంది. అప్పుడు నేను పైకెక్కి మోపులు ముందుకి జరిపేదాన్ని. మరీ ముందుకి జరిపితే ఎడ్ల మెడ మీద పడుతుంది, కాస్త వెనక్కి. కాడి చేతికి సరైన బరువు తగిలేదాకా బండి కదిలేది కాదు. చెరుకు బండి తోలే ప్రతివాడికీ తెలిసిన పని ఇది. మోటారు బండికి కూడా కాడి ఉంటుందని మాత్రం మాకెవరికీ తోచలేదు.

"దాసన్నా, ఆ కేన్లు నీళ్ళతో నింపి తగిలించు. నేను ఎక్కి కూకుంటాను. నువ్వు ముందుకొచ్చి హేండిలు పట్టి పైకెత్తు."

"ఎత్తడం దేనికమ్మా?"

"ఎత్తు, సెప్తాను."

అతను రెండు చేతులూ వేశాడు. ఒక చెయ్యి చాలింది. ముందు చక్రం నేల మీద నుంచి పిల్లల బొమ్మబండిలా లేచింది. దాసు దాన్ని అలాగే పట్టుకుని నోరెళ్ళబెట్టాడు. షెడ్డు ముందు టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని దగ్గరకొచ్చారు.

"ఎనక స్ప్రింగులకి ఏటి లెక్క ఏసేవు?" అని అడిగాను.

"నిండు కేన్లు రెండు."

"నా బరువు?"

దాసు చేతిలో పానా వైపు చూశాడు. "ఆడమనిషిని బరువెంతని అడగడం బాగోదు కదమ్మా. ఇదివరకు తోలినోడంతే అనుకుని ఏసేను."

"ఆడెంతుండేవోడు?"

"పీలగా ఉండేవోడు," అన్నాడు చిన్నగా.

అతని మీద కోపం రాలేదు. మోపెడ్ అమ్మేవాడు టైరులో గాలి తక్కువన్నాడు. దాసు నన్ను పీలమనిషిని చేసేశాడు. ఇలా అందరూ నా బరువుని నాకు తెలియకుండా దాచిపెడుతున్నారు, అదేదో నేనే ఎక్కడో దొంగిలించి తెచ్చుకున్నట్టు. అందరి మర్యాదా కలిసి నన్ను గట్టు మీద వెల్లకిలా పడేసింది.

షెడ్డు పక్కనే బెల్లం కొట్టు. బయట దిమ్మలు తూచే కాటా ఉంది. దిగి, నడిచి వెళ్ళి దాని మీద నిలబడ్డాను. నూట పన్నెండు కేజీలు. నేనే చదివాను, రోడ్డుకి అవతలివాళ్ళకి కూడా వినబడేటట్టు.

"నూట పన్నెండు, దాసన్నా. నన్ను కూడా లెక్కెయ్యి. మర్యాద మనకొద్దు."

ఒక్కడూ నవ్వలేదు. ఎలా నవ్వుతారు, చెప్పేసినదాన్ని వెక్కిరించడానికి ఇంకేం మిగిలింది? నాకైతే తలమీద మోపు దింపినంత హాయిగా ఉంది.

శని, ఆదివారాలు నేనూ షెడ్డులోనే ఉన్నాను. వెనక స్టాండు కోసేయించాను. కేన్లు వెనక చక్రం ఇరుసు కంటే ముందుకి, నా కాళ్ళకి కాస్త వెనక, కిందికి వచ్చేలా దాసు కొత్త ఫ్రేము వెల్డింగు చేశాడు. ముందు లెగ్‌గార్డుకి రెండు చిన్న కేన్లకి కొక్కేలు పెట్టాం. వెనక స్ప్రింగులు నా బరువుకీ కేన్ల బరువుకీ కలిపి వేశాడు. ముందు ఫోర్కులో కూడా గట్టివి వేశాడు. కాళ్ళు పెట్టే రాడ్లు కొంచెం ముందుకి, కిందికి దింపాం, మోకాళ్ళు హాయిగా మడతపడ్డాయి. సీటు వెనక భాగం ఎత్తు చేయించాను, ఎక్కుడులో వెనక్కి జారకుండా. చిన్న హేండిలు తీసేసి బుల్లెట్ది, వెడల్పాటిది వేయించుకున్నాను. ఆ కోరిక అలా తీరింది.

మా నాన్న కాడి సంగతి దాసుకి చెప్పాను. ప్రతి మార్పుకీ నేను ఎక్కి కూర్చోవడం, దాసు హేండిలు ఎత్తడం. ఒకసారి ముందు బరువెక్కువై హేండిలు తిరగనంది, చిన్న కేన్లు ఇంకా చిన్నవి పెట్టాం. ఆదివారం పొద్దుగూకే వేళకి దాసు రెండు చేతులా ఎత్తాడు, కాళ్ళు తన్నిపెట్టి ఎత్తాడు, చక్రం నేల వదల్లేదు. హేండిలు మాత్రం నా వేలికి తిరిగింది.

"కాడి దిగిందమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. ఆ మాట వినడానికి మా నాన్న ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం తెల్లవారకముందే వీధి ఆడవాళ్ళు పాలు తెచ్చారు. అచ్చియ్యమ్మత్త తన చెంబు కేనులో వంచి మూత బిగించింది. "ఎల్లగలవేటే?" అంది.

"ఎల్తాను అత్తా."

గోచీ బిగించి, ఒక్క కిక్కు కొట్టాను. గట్టు దగ్గరకి వచ్చేసరికి భయమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. శనివారం పాలు పోయిన చోట మట్టి ఇంకా తెల్లగా చారలు కట్టి ఉంది. మొదటి గేరు వేసి, ఒళ్ళంతా ముందుకి వంచి, ఏక్సిలేటరు తిప్పాను. బండి గుర్రుమంటూ ఎక్కింది. సగం దాటింది. ముందు చక్రం ఒక్కసారైనా తేలలేదు, నేలని కరిచిపట్టుకుని ఎక్కింది. నూట పన్నెండు కేజీలూ వెనక చక్రాన్ని అదిమిపట్టాయి గనక ఆ వదులుమట్టిలో అది ఒక్కసారి కూడా జారలేదు. గట్టు మీదకి వచ్చి కిందికి చూస్తే ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అచ్చియ్యమ్మత్త ఖాళీ చెంబు పైకెత్తి ఊపుతోంది. నేను గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే, ఆ చీకటి విడిపోతున్న వేళ.

రోడ్డు మీద ఎటు చూసినా చెరుకు బళ్ళే. రావికమతం వైపు నుంచి ట్రాక్టర్లు, మధ్యలో ఎడ్లబళ్ళు, ఒకదాని వెనక ఒకటి కదలకుండా నిలబడి ఉన్నాయి. నేను రోడ్డు దిగి మట్టి అంచున పోతున్నాను. ఒక ముసలి బండివాడు నన్నూ, నా బండి మీది ఎల్ అక్షరాన్నీ చూసి, ఎడ్లని పక్కకి లాగి దారిచ్చాడు.

"సన్నాసి కూతురివి కాదేటి నువ్వు?"

"అవును బాబూ."

"ఆ కూకోటంలోనే తెలిసింది. ఎల్లు, బేగి ఎల్లు."

ఇంకాస్త ముందుకెళ్తే రెండు ట్రాక్టర్ల మధ్య పెదబాబు వేను ఇరుక్కుని ఉంది. ఆయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ చూస్తున్నాడు. నాకు ఆగాల్సిన పని లేదు. అయినా ఆగాను.

"బాబూ, మీ పాలు నా బండిలో పోయించమంటారేటి? ఇద్దరికి సరిపడే సోటుంది."

ఆ మాట అనేసి బండి ముందుకి పోనిచ్చాను.

బస్టాండుకి వచ్చేసరికి విశాఖపట్నం మొదటి బస్సు ఇంకా అక్కడే ఉంది. డ్రైవరు, షిఫ్టులకి వెళ్ళేవాళ్ళు మంగాయమ్మ హోటలు ముందు గుమిగూడి, ఖాళీ పొయ్యి వైపు చూస్తున్నారు. నేను బండి ఆపి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, స్టాండు వేసి, కేన్లు దింపాను. మంగాయమ్మ పిన్ని గుమ్మంలోకి వచ్చింది. కేన్లని చూడలేదు, బండిని చూసింది. వెడల్పు హేండిలు, ముందుకొచ్చిన కేన్లు, ఎత్తయిన సీటు, ఒక్కొక్కటీ చూసింది.

"నీకు సేసిన బండిలాగుందే," అంది.

"నాకే సేసింది పిన్నీ. నేనే సేయించుకున్నాను."

"రేపట్నుంచి ఈ ఏళకేనా?"

"ఈ ఏళకే."

"అయితే పాలు నీయే," అనేసి లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నాకు ఆ నాలుగు మాటలూ వీధి వీధంతా మోసుకెళ్ళి చెప్పాలనిపించింది. మొదటి డికాక్షన్ దిగాక ఆవిడ మొదటి గ్లాసు బస్సు డ్రైవరుకి ఇవ్వలేదు, నాకు ఇచ్చింది. అన్నాళ్ళు పాలు తెచ్చినా, మా ఊరి పాలతో చేసిన కాఫీ తాగడం అదే మొదటిసారి.

గ్లాసు పట్టుకుని గోడవార బల్ల దగ్గరకి వెళ్ళాను. చివరన కూర్చోలేదు. బల్లకి సరిగ్గా మధ్యలో, రెండు కాళ్ళ నడుమ, కుదురుగా కూర్చున్నాను. బల్ల కిర్రుమని ఒకసారి అని ఊరుకుంది. అటొకరు, ఇటొకరు వచ్చి చివర్లలో కూర్చుని వెళ్ళారు, అది కదల్లేదు.

బస్సు వెళ్ళిపోయాక చాలాసేపటికి పెదబాబు వేను వచ్చింది. ఆయన లోపలికి వచ్చి, నన్ను చూసి, ఖాళీగా ఉన్న బల్ల చివరని చూసి, నిలబడిపోయాడు. కాఫీ గ్లాసు చేతికొచ్చినా కూర్చోడు.

"కూకోండి బాబూ," అన్నాను. "ఈసారి లేవదు. బరువు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు నాకు తెలుసు."

ఆయన పంచె సర్దుకుని, మెల్లిగా కూర్చున్నాడు.